బిజినెస్ క్లాసులో అత్త

మార్చి ముప్పయ్యో తేదీ ఉదయం గురునాథరావు చెయ్యాల్సిన పని ఒక్కటే. తొమ్మిదింటికి మేనల్లుడికి ఫోను చెయ్యాలి, అది భార్యకి వినపడకూడదు. ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి ఏముంటుందని మీరనుకుంటే, మీకింకా లోకం తెలియదన్నమాట. ఆయనకీ అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలిసింది, తెలిసి చేసేదేమీ లేదు.

గురునాథరావు భిలాయి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. భార్య సత్యశ్రీ సెక్టర్ 2 బళ్ళో జాగ్రఫీ టీచరు. రైను నదీ, ఆల్ప్స్ కొండలూ, జర్మనీ బొగ్గు గనులూ ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద గీస్తూ వచ్చింది. ఏటేటా ఎవరో ఒక పిల్లో పిల్లాడో లేచి, "మేడమ్, మీరు చూశారా?" అని అడిగేవారు. "వచ్చే ఏడు చూస్తాను" అనేది. ఆవిడ తరచుగా చూసిన నది దుర్గ్ పక్కనున్న శివనాథ్, అదీ రైలు కిటికీలోంచి.

తప్పు గురునాథరావుదే. సెలవులు పెట్టి టికెట్లు తీసినప్పుడల్లా మిల్లులో 'కాపిటల్ రిపేరు' వచ్చిపడేది. అంటే మిల్లంతా ఆపి, విప్పి, బాగుచేసి మళ్ళీ బిగించడం. తను దగ్గర లేకపోతే అది మళ్ళీ తిరగదని ఆయన నమ్మకం. (ఆయన రిటైరయ్యాక అది బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఆ బాధ వేరు.) సత్యశ్రీ పూరీకి ఒక్కతే వెళ్ళింది. డార్జిలింగుకి బడి స్టాఫుతో వెళ్ళింది. చెల్లెలి కొడుకు పెళ్ళికి కూడా ఒక్కతే వెళ్ళి, "ఆయన డ్యూటీలో ఉన్నారు" అని నాలుగు వందల మందికి నాలుగు వందల సార్లు చెప్పి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే గురునాథరావుకి ఇప్పటికీ ముద్ద దిగదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ గీసిన ఆ నది దగ్గరికి తీసుకెళ్ళాలి. అదొక్కటే ఆయన కోరిక.

దానికో అడ్డం. మూడేళ్ళ క్రితం సత్యశ్రీ నడుంలో డిస్కు జారింది. గంటన్నర మించి కూర్చోకూడదన్నాడు డాక్టరు. యూరప్‌కి విమానంలో తొమ్మిది గంటలు. పడుకుని వెళ్ళాలంటే బిజినెస్ క్లాసు ఎక్కాలి. దాని వెల చూసి గురునాథరావుకే డిస్కు జారినంత పనైంది. అప్పుడే మేనల్లుడు రాజ్‌కిరణ్ మైళ్ళ ఉపాయం చెప్పాడు. రాజ్‌కిరణ్‌కి భిలాయి పక్కనున్న ఉతైలో ఆన్‌లైన్ సెంటరుంది. ఊళ్ళో అందరి ఆధార్లూ, పాస్‌పోర్టులూ అతని కంప్యూటర్లోనే ఉంటాయి. ఒక క్రెడిట్ కార్డు తీసుకుని గీకుతూ పోతే విమానం కంపెనీవాళ్ళు మైళ్ళు ఇస్తారట, పోగైన మైళ్ళకి టికెట్లు ఇస్తారట. విమానం ఎక్కకుండా మైళ్ళేమిటని గురునాథరావు అడిగాడు. అడక్కూడదన్నాడు రాజ్‌కిరణ్.

ఇద్దరు మనుషులు ఎంతని గీకుతారు? ఇక్కడ పార్వతమ్మ ఆదుకుంది. పార్వతమ్మంటే రాజ్‌కిరణ్ భార్య సాయిప్రియకి తల్లి. మొగుడు పోయాక భిలాయి క్యాంప్ 2లో హార్డ్‌వేరు షాపు తనే నడుపుతోంది. షాపులోకి తెచ్చే పైపులూ, పెయింట్లూ, సిమెంటూ రెండేళ్ళపాటు గురునాథరావు కార్డు మీదే కొనింది, డబ్బు ఏ రోజుకారోజు ఇచ్చేసింది. క్యాంప్ 2 జనం బిగించుకున్న ప్రతి కుళాయీ గురునాథరావుని జర్మనీ వైపు ఒక్కో అడుగు జరిపిందన్నమాట. చివరికి రెండు టికెట్లకి సరిపడా మైళ్ళు పోగయ్యాయి. వాటిలో సగం మార్చి ముప్పై ఒకటితో గడువు తీరి చచ్చిపోతాయి. సత్యశ్రీ రిటైరయ్యేదీ ఆ రోజే. బళ్ళో వీడ్కోలు సభ పెట్టారు. ఆ సభలో అందరి ముందూ టికెట్ల కవరు ఆవిడ చేతిలో పెట్టాలని గురునాథరావు పథకం వేశాడు. ఆవిడకి ఒక్క ముక్క తెలియదు.

అందుకే ఆ ఉదయం బాల్కనీలో తువ్వాలు ఆరేస్తున్నట్టు నటిస్తూ, గొంతు తగ్గించి ఫోను చేశాడు.

"ఒరే రాజ్‌కిరణ్, ఇయాల బుక్ చేసీరా. రెండు టికెట్లు. ఒకటి నా పేరు, రెండోది మీ అత్త పేరెట్టీ."

"అత్త పేరా? పక్కా, మామయ్యా?"

"పక్కా రా. ఆవిడ సాయం లేకపోతే నాకు ఈమాత్రం అయ్యేదేటి?"

"అది సహీ హై. ఆవిడకి తెలుసా?"

"తెలీదు. సర్‌ప్రైజు. నువ్వు నోరిప్పినావంటే తోలు తీసెస్తాను."

"ఇంట్లో ఎవరూ ఏటీ అనుకోరు కదా?"

"ఏటనుకుంటారు? సంతోషంతో ఏడుస్తారు. పడుకునే సీటు చూడు. ఆవిడ నడుం సంగతి తెలుసు కదా."

"హా, తెలుసు. సామాన్లు మోసీ మోసీ."

"మోసీ మోసీ," అన్నాడు గురునాథరావు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ మోసిన కూరల సంచులు గుర్తొచ్చి ఆయన ఆ తువ్వాలుతోనే ముఖం తుడుచుకున్నాడు. "పాస్‌పోర్టు కాపీ నీ దగ్గరుంది కదేటి?"

"ఉంది. కానీ మామయ్యా, ఒక మాట..."

"ఎవరండీ ఫోన్లో?" అంది సత్యశ్రీ వంటింట్లోంచి.

"ఎవరూ కాదు! రాంగు నంబరు!" అని గురునాథరావు ఫోను పెట్టేశాడు. ఆ ఒక్క మాటా విని ఉంటే ఈ కథే లేదు.

పేరు చెప్పి ఏడవచ్చు కదా అంటారు. నేనూ అదే అంటాను. కానీ పెళ్ళయిన ముప్పై మూడేళ్ళలో గురునాథరావు భార్యని పేరుపెట్టి పిలిచింది లేదు. ఎదురుగా ఉంటే 'ఇదిగో', పిల్లలతో ఐతే 'మీ అమ్మ', మేనల్లుడితో ఐతే 'మీ అత్త'. వాళ్ళ చీపురుపల్లి వైపు పెద్దవాళ్ళకి అదే మర్యాద. పైగా ఆ రోజు గోడవతల ఆవిడ చెవులు పనిచేస్తున్నాయి.

మన తెలుగులో మేనమామ భార్యా అత్తే, తండ్రి తోబుట్టువూ అత్తే, పెళ్ళాం తల్లీ అత్తే. ఒకే మాటతో ముగ్గురు ఆడవాళ్ళని సరిపెట్టేసిన మన పూర్వులు విమానం టికెట్లు బుక్ చెయ్యలేదు కాబట్టి బతికిపోయారు. రాజ్‌కిరణ్ పుట్టిందీ పెరిగిందీ భిలాయిలో, వాడి నోట హిందీయే ముందొస్తుంది. హిందీలో వీళ్ళు ముగ్గురూ మూడు రకాలు: మామీ, బువా, సాస్. మాటలొచ్చిన నాటినుంచీ వాడికి సత్యశ్రీ 'మామీ'. పెళ్ళయ్యాక పార్వతమ్మని సాస్ అంటే బాగోదని సాయిప్రియ పోరుపెట్టి మరీ 'అత్తా' అని పిలవడం నేర్పింది. వాడి బతుకులో అత్త ఆవిడొక్కతే.

రాజ్‌కిరణ్ ఆశ్చర్యపోలేదని కాదు. ఐదు నిమిషాలు గోడకేసి చూశాడు. ఆ తర్వాత, పార్వతమ్మ షాపు వల్లే మైళ్ళొచ్చాయి కదా, మామయ్య ఆ రుణం తీర్చుకుంటున్నాడు, ఎంత పెద్ద మనసు అనుకున్నాడు. మామయ్య మాటకి ఎదురు చెప్పకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. బుద్ధిగా బుక్ చేసి, మర్నాడు పొద్దున్నే అంటించిన కవరు తెచ్చి ఇచ్చాడు. "ఒకసారి చూసుకుంటావా, మామయ్యా?" అని అడిగాడు కూడా. "వద్దు. అందరి ముందూ విప్పాలి," అన్నాడు ఆ మహానుభావుడు.

సభ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. దండలు వేశారు, శాలువాలు కప్పారు. మూడో వరసలో సాయిప్రియా, పార్వతమ్మా కూర్చున్నారు. వాళ్ళ వెనక గురునాథరావు పాత మిల్లు స్నేహితుడు పోలయ్య ఉన్నాడు. గురునాథరావు వేదికెక్కి, కవరు భార్యకి ఇచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయింది. "నేను చదువుతాను మేడమ్," అని ప్రిన్సిపాలుగారు కవరు అందుకుని మైకు ముందుకెళ్ళారు.

"మేడమ్ కే పతిదేవ్ కీ తరఫ్ సే! ఢిల్లీ టు ఫ్రాంక్‌ఫర్ట్! బిజినెస్ క్లాస్!" అని ఆయన కేకపెట్టేసరికి హాలు హోరెత్తిపోయింది. సత్యశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ క్షణంలో ఆవిడ ముఖం చూసిన గురునాథరావు, ఇక తను పోయినా ఫరవాలేదనుకున్నాడు. అప్పుడే పోయుంటే బాగుండేది.

"ఫస్ట్ టికెట్, గురునాథరావు. సెకండ్ టికెట్..." ప్రిన్సిపాలుగారు కాగితం కొంచెం దూరం పెట్టి చూశారు. "పార్వతమ్మ!"

మేడమ్ అసలు పేరు పార్వతమ్మ కాబోలని హిందీవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తెలుగువాళ్ళు కొట్టలేదు. వాళ్ళు మూడో వరసకేసి చూశారు. పార్వతమ్మ లేచి నిలబడి ఉంది.

"ఓలమ్మో! నానేటి, ఇమానవేటి!" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ వేదికెక్కేసి సత్యశ్రీని కావలించుకుంది. "అక్కా! ఎంత మనసమ్మా నీది! నీ మొగుడి పక్కన నన్ను కూకోబెట్టి పంపుతన్నావా! ఏ ఆడది చేస్తాది ఇలగ?"

మైకు ఆపలేదు. ఆ మాట బళ్ళో ప్రతి గదికీ వినపడింది.

"మేనల్లుడి అత్తంటే మనవోడికి మరదలు వరసే కదేటి. వరస తప్పలేదులే," అన్నాడు వెనక వరసలో పోలయ్య. ఓదార్పుగానే అన్నాడు. ఐతే ఆ ఓదార్పు సాయంత్రానికి సెక్టర్ 2 దాటి క్యాంప్ 2 అంతా తిరిగింది.

సత్యశ్రీ పార్వతమ్మ వీపు నిమిరి, "తప్పకుండా వెళ్ళిరా, పార్వతీ," అంది. ఇంటికొచ్చేదాకా ఆటోలో శాలువాలు మడతపెడుతూ కూర్చుంది. గురునాథరావే మొత్తం చెప్పాడు. ఫోనూ, తువ్వాలూ, రాంగు నంబరూ, అన్నీ. రాజ్‌కిరణ్‌కి స్పీకరు పెట్టి మరీ చెప్పించాడు. అటువైపు వాడికి ఏడుపు ఒక్కటే తక్కువ.

"మీ అత్త అంటే నువ్వే అనుకున్నాను," అన్నాడు గురునాథరావు.

"నాకో పేరుంది," అంది సత్యశ్రీ. "సత్యశ్రీ. మూడక్షరాలు. ముప్పై మూడేళ్ళలో ఏడాదికి ఒక్కసారి పలికినా మీకు అలవాటైపోయేది."

ఆవిడ గదిలోకెళ్ళి తలుపేసుకుంది. గట్టిగా వేస్తే బాగుండేది, మెల్లిగా వేసింది.

మర్నాడు ఉదయమే గురునాథరావు విమానం కంపెనీకి ఫోను చేశాడు. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. టికెట్టు మీద పేరు మార్చడం కుదరదు సార్, అంది హిందీలో. రద్దు చేస్తే మైళ్ళు వెనక్కొస్తాయి, కానీ పార్వతమ్మగారి టికెట్టుకి పోయినవి నిన్నటితో గడువు తీరినవి, వస్తూనే చచ్చిపోతాయి, అంది. గురునాథరావు బతిమాలాడు. అరిచాడు. మళ్ళీ బతిమాలాడు.

"ఆవిడ మీకు ఏమవుతారు సార్?" అని ఆ అమ్మాయి జాలిపడి అడిగింది.

గురునాథరావు హిందీలో వరస వెతుక్కున్నాడు. మేనల్లుడి భార్య తల్లికి ఆ భాషలో మాట దొరకలేదు. "వో మేరీ... సాలీ జైసీ హై," అన్నాడు, మరదల్లాంటిదని.

వంటింట్లో ఒక స్టీలు గిన్నె నేలకి తగిలింది. పడిందో, పడేశారో చూడ్డానికి వెళ్ళే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఇక మిగిలింది పార్వతమ్మకి నిజం చెప్పడం. చెబితే ఒక టికెట్టు గంగలో కలుస్తుంది, చెప్పకపోతే కాపురం కలుస్తుంది. "చెల్లెమ్మా, పొరపాటు జరిగింది" అనాలని దారంతా వల్లించుకుంటూ క్యాంప్ 2 వెళ్ళాడు. షాపు గుమ్మానికి బంతిపూల దండ వేలాడుతోంది. పార్వతమ్మ ఏప్రిల్ ఎండలో ఊలు స్వెట్టరు తొడుక్కుని సరిపోయిందో లేదో పక్క షాపువాళ్ళకి చూపిస్తోంది. చెమటలు కారుతున్నా విప్పడంలేదు.

"రండి బావగారూ! లడ్డూ తినండి," అని స్టూలు తుడిచి వేసింది. నలుగురూ వెళ్ళాక గొంతు తగ్గించింది. "మా ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పట్నించీ ఈ గల్లా దగ్గరే కూకున్నాను. పొరుగోళ్ళు పూరీ ఎల్లేరు, కాశీ ఎల్లేరు. 'పార్వతీ, నువ్వూ వస్తావేటి?' అని అడిగిన మనిషి లేడు. డబ్బులేక కాదు బావగారూ, అడిగేవోళ్ళు లేక. రాత్రంతా ఏడుస్తానే ఉన్నాను, సంతోషంతోటి."

గురునాథరావు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లో లడ్డూ పెట్టుకుని, అక్కర్లేని కుళాయి వాషర్లు రెండు కొనుక్కుని ఇంటికొచ్చాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈ కథలో కప్పా పామూ ఇద్దరూ మంచివాళ్ళే కావడంతో ఆయనకి తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అన్నం మాత్రం వేళకి పడేది. ఐదో రోజు పొద్దున్న ఆయన పాలు తెస్తుంటే దారిలో ఫోనుకి మెసేజి వచ్చింది. మీ కోరిక ప్రకారం ఒక ప్రయాణికుడి బుకింగు రద్దు చేశాం, మైళ్ళు మీ ఖాతాలో జమయ్యాయి అని. గురునాథరావు రోడ్డు మీదే సింహాద్రి అప్పన్నకి దండం పెట్టాడు. ఎవరో పుణ్యాత్ముడు కనికరించి పార్వతమ్మ టికెట్టు రద్దుచేసి, చచ్చిన మైళ్ళని బతికించాడు! పాలు ఒలుకుతున్నా చూసుకోకుండా ఇంట్లోకి పరిగెత్తాడు.

హాల్లో సత్యశ్రీ కుర్చీలో దిండు ఆనించుకుని కూర్చుంది. పక్కన రాజ్‌కిరణ్ ల్యాప్‌టాప్ ముందు తలొంచుకుని ఉన్నాడు.

"ఇదిగో! రద్దయిపోయింది! పార్వతమ్మది రద్దయిపోయింది!"

"ఆవిడది కాదు," అంది సత్యశ్రీ. "మీది."

గురునాథరావు రాజ్‌కిరణ్ కేసి చూశాడు.

"లేడీస్ ఫస్ట్ అని అత్తది ముందు చేశాను, మామయ్యా," అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ. "పాత మైళ్ళు దానికెళ్ళిపోయాయి. నీ టికెట్టుకి కొత్తవి కట్ అయ్యాయి. అవి ఇంకా జిందా ఉన్నాయి. అందుకే నీది కాన్సిల్ చేస్తే వెనక్కొచ్చాయి. మామీ అడిగేదాకా నాకు తట్టలేదు."

"వాటితో నా పేరు పెట్టించాను," అంది సత్యశ్రీ. "మీరిద్దరూ వెళ్తే భిలాయంతా నవ్వుతాది. ఆవిడ్ని మాన్పిస్తే ఆవిడ జీవితాంతం ఏడుస్తాది. ఎవరూ వెళ్ళకపోతే నేను ఏడుస్తాను. ఇంకో దారి ఉంటే మీరే చెప్పండి."

గురునాథరావు చాలాసేపు వెతికాడు. లేదు.

"నీతో కలిసి వెళ్ళాలనే కదే ఇదంతా చేశాను," అన్నాడు చివరికి. రాజ్‌కిరణ్ మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయాడు.

"తెలుసు," అంది సత్యశ్రీ. "తెలుసు కాబట్టే మాట్లాడుతున్నాను. ఆ పాలు కింద పెట్టండి, చొక్కా మీద పోసుకుంటున్నారు."

మే నెలలో ఇద్దరికీ వీసాలొచ్చాయి. ఇళ్ళు కట్టుకునే కాలం, షాపు పదిహేను రోజులు మూస్తే గిరాకీ పక్క షాపుకి పోతుందని పార్వతమ్మ దిగులుపడింది. "మీరు ఖాళీయే కదా బావగారూ," అంది. ఆయన ఖాళీయే. రాయ్‌పూర్ విమానాశ్రయంలో వాళ్ళని దింపి, గాజు తలుపవతల ఇద్దరూ చేతులూపుకుంటూ లోపలికెళ్ళడం చూసి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి క్యాంప్ 2లో షట్టరు ఎత్తాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, బయట రోడ్డు కాలిపోతుండగా, వీడియో కాల్ వచ్చింది. సత్యశ్రీ తలకి స్కార్ఫు కట్టుకుని ఉంది. వెనక బూడిదరంగు నీళ్ళు, వాటి మీద పొడుగాటి పడవ. ఇటు షాపు గల్లా ముందు ఒక మేస్త్రీ నిలబడి, పైపు మలుపుకి అరంగుళం ఎల్బో కావాలని రెండోసారి అడుగుతున్నాడు.

"చూడండి, రైను," అంది సత్యశ్రీ. ఫోను అటూ ఇటూ తిప్పి చూపించింది.

"నడుం ఎలగుంది?"

"విమానంలో తొమ్మిది గంటలూ నిద్రపోయాను. ఇద్దరం నిద్రపోయాం."

"బావగారూ! ఇక్కడ గట్టు రెయిలింగుకి ఎనామిల్ ఎంత బాగా కొట్టేరో!" అని పక్కనుంచి పార్వతమ్మ కేక వినిపించింది.

గురునాథరావు ఆ నీళ్ళకేసి చూశాడు. ఆవిడ ముఖం చూశాడు. అది సంతోషంగానే ఉంది, ఏ లోటూ లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి, మేస్త్రీ ముందే, "సత్యశ్రీ," అన్నాడు. "నేను లేకుండా... ఎలగుంది?"

ఆవిడ స్కార్ఫు సర్దుకుంది. కోపం లేదు, దెప్పుడు లేదు.

"అలవాటే కదండీ," అంది.

సిగ్నలు పోయింది. గురునాథరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అరంగుళం ఎల్బో అడిగిన మేస్త్రీకి ముప్పావంగుళంది కట్టి ఇచ్చాడు.